బస్సులో ఫోన్ పోతే ఏ స్టేషన్‌లో కంప్లైంట్ ఇవ్వాలి? బాపు ఖాతాలో డబ్బులు కూడా పోయాయి

కరీంనగర్_బిడ్డ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. మాది కరీంనగర్, నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. నిన్న మా బాపు కరీంనగర్‌లో బస్సెక్కి సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) దాకా వచ్చాడు. సిద్దిపేటలో బస్సు ఆగితే దిగి టీ తాగుతూ నాకు ఫోన్ చేశాడు. తర్వాత ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని కాసేపు కునుకు తీశాడట. జేబీఎస్‌లో దిగి చూసుకుంటే ఫోన్ లేదు. పక్క సీట్లో కూర్చున్నతను శామీర్‌పేట దగ్గర దిగిపోయాడని చెబుతున్నాడు. అతనే తీశాడని మేం అనలేం.

రాత్రి ఖాతాలోంచి యూపీఐ ద్వారా ఒకసారి 9,000, ఇంకోసారి 4,500 పోయాయి. బాపుకి పిన్ గుర్తుండదు, అందుకని చిన్న చీటీ మీద రాసి ఫోన్ కవర్ లోపల పెట్టుకున్నాడు. ఆయన సింగరేణిలో పనిచేసి రిటైర్ అయ్యాడు. పెన్షన్ వచ్చే ఖాతా అదొక్కటే.

మా తమ్ముడు బాపుని తీసుకుని ఒక స్టేషన్‌కి వెళ్తే, "మీరు ఫోన్ మాట్లాడింది సిద్దిపేటలో కదా, మా లిమిట్స్‌లో పోయినట్టు ఏముంది, అటు వెళ్లండి" అన్నారట. దారిలోని ఇంకో స్టేషన్‌కి ఫోన్ చేస్తే, దిగిన చోటే ఇవ్వాలని చెప్పారు. ఎస్ఐ గారు కూడా లేరట, రేపు రమ్మన్నారు.

బాపుకి 68 ఏళ్లు. తప్పంతా తనదేనని పొద్దటి నుంచి అన్నం ముట్టలేదు. నాకిక్కడ ఒకటే టెన్షన్. ఇంతకీ ఏ స్టేషన్‌కి వెళ్లాలి? ఇక్కడి నుంచి నేను కంప్లైంట్ ఇవ్వొచ్చా? ఆ డబ్బులు వచ్చే దారి ఏదైనా ఉందా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

బ్యాంకు_కౌంటర్ జవాబు

స్టేషన్ సంగతి ఒక గంట పక్కన పెట్టండి. ముందు 1930కి ఫోన్ చేయండి. ఇది సైబర్ మోసాలకు దేశమంతటికీ ఒకటే హెల్ప్‌లైన్. ఖాతా నంబర్, ఎంత పోయింది, ఏ టైముకి పోయింది, ఆ లావాదేవీకి ఉండే 12 అంకెల నంబర్ అడుగుతారు. అవి బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనో, మెసేజ్‌లోనో ఉంటాయి. డబ్బు వెళ్లిన ఖాతాలో ఇంకా మిగిలి ఉంటే అక్కడే ఆపేస్తారు. ఆలస్యమయ్యేకొద్దీ అది ఇంకో ఖాతాకి, అక్కడి నుంచి ఏటీఎంకి పోతుంది. ఒక రాత్రి గడిచిందని వదిలేయకండి, పూర్తిగా డ్రా చేయని కేసులు చాలానే ఉంటాయి.

రెండోది, సిమ్ బ్లాక్ చేయించండి. బ్యాంకుకి ఫోన్ చేసి యూపీఐ, కార్డు, నెట్ బ్యాంకింగ్ అన్నీ ఆపమనండి. ఆపమన్న టైము, వాళ్లిచ్చిన ఫిర్యాదు నంబర్ కాగితం మీద రాసుకోండి. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం, కస్టమర్ అజాగ్రత్త వల్ల పోయినా సరే, బ్యాంకుకి చెప్పిన తర్వాత పోయే ప్రతి రూపాయికీ బ్యాంకుదే బాధ్యత. అందుకే ఆ టైము ముఖ్యం. పిన్ చీటీ సంగతి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దాచిపెడితే తర్వాత ఇబ్బంది.

రిటైర్డ్_రైటర్ జవాబు

అమ్మా, నేను వరంగల్ జిల్లాలో వేర్వేరు స్టేషన్లలో రైటర్‌గా చేసి ఏఎస్ఐగా రిటైర్ అయ్యాను. వచ్చినవాళ్ల కంప్లైంట్లు తీసుకోవడం, ఎఫ్ఐఆర్ రాయడం, జనరల్ డైరీ రాయడం నా పనే. పైన బ్యాంకు మిత్రుడు చెప్పినవి ముందు పూర్తి చేసి, తర్వాత ఇది చదవండి.

ముందు మీ నాన్నగారికి అన్నం పెట్టించండి. జేబులో ఫోన్ పెట్టుకుని కునుకు తీయడం నేరం కాదు. తీసినవాడిది నేరం.

ఇక లిమిట్స్ విషయం. 2024 జులై 1 నుంచి మనకు పాత నేర విచారణ చట్టమైన సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది, బీఎన్ఎస్ఎస్ అంటున్నారు. అందులో 173వ సెక్షన్ ప్రకారం, కేసు కట్టాల్సిన నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. వాళ్లు జీరో నంబర్‌తో ఎఫ్ఐఆర్ రాసి సంబంధిత స్టేషన్‌కి పంపాలి. జీరో ఎఫ్ఐఆర్ అని అందరూ అనేది దీన్నే.

మీ విషయంలో జీరో దాకా కూడా పోనక్కర్లేదు. అదే చట్టంలో 203వ సెక్షన్ ఉంది, పాతదాంట్లో 183. ప్రయాణంలో ఉండగా జరిగిన నేరాన్ని, ఆ మనిషి గానీ ఆ వస్తువు గానీ ఏ ఏ కోర్టుల పరిధిలోంచి వెళ్లిందో వాటిలో ఏ కోర్టయినా విచారించవచ్చు. అంటే సిద్దిపేట దాటాక బస్సు పోయిన దారిలో ప్రజ్ఞాపూర్ వైపు అయినా, శామీర్‌పేట అయినా, చివర జేబీఎస్ అయినా సరే. బస్సుల్లో, రైళ్లల్లో పోయే జనాన్ని ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి తిప్పకుండా ఉండడానికే ఇలాంటి సెక్షన్ పెట్టారు. దీని గురించి తెలిసినవాళ్లు స్టేషన్లలో కూడా తక్కువ. కాబట్టి మీ నాన్నగారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో, ఆయన దిగిన చోటికి దగ్గర్లో ఉన్న స్టేషన్‌లోనే ఇవ్వండి. సిద్దిపేట దాకా పంపకండి.

ఎస్ఐ గారు లేరు, రేపు రండి అన్న మాట. స్టేషన్ ఇన్‌చార్జి బయటికి వెళ్లినప్పుడు, ఆ సమయానికి స్టేషన్‌లో ఉన్నవాళ్లలో ఆయన తర్వాతి హోదా ఉన్నవారే ఇన్‌చార్జి. కానిస్టేబుల్ కంటే పైహోదా అయితే చాలు. హెడ్ కానిస్టేబుల్ ఉన్నా కంప్లైంట్ తీసుకోవచ్చు. బందోబస్తుల రోజుల్లో సీఐ, ఎస్ఐ ఇద్దరూ బయటే ఉంటారు, ఆ కష్టం నేను చూశాను. అయినా కంప్లైంట్ కాగితం తీసుకుని సీలు వేయడానికి ఎస్ఐ గారి కోసం ఆగాల్సిన పని లేదు.

మీరు బెంగళూరు నుంచి ఇవ్వొచ్చా అని అడిగారు. ఆన్‌లైన్‌లో, మెయిల్‌లో ఇచ్చినా చట్టం ఒప్పుకుంటుంది, కానీ ఇచ్చినవాళ్లు 3 రోజుల్లోగా సంతకం చేయాలి. మీ నాన్నగారు స్టేషన్ దగ్గర్లోనే ఉన్నారు కాబట్టి ఆయన ఇవ్వడమే మేలు. ఆయన రాయలేకపోతే నోటితో చెప్పొచ్చు, వాళ్లే రాసుకుని చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. కానీ రాసి తీసుకెళ్తే పని తొందరగా అవుతుంది. ఇలా రాయండి (ఐఎంఈఐ అంటే ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబరు):

"నేను ఫలానా తేదీన ఫలానా నంబరు బస్సులో కరీంనగర్ నుంచి జేబీఎస్‌కి ప్రయాణించాను. సిద్దిపేటలో ఇన్ని గంటలకు మా అమ్మాయితో ఫోన్‌లో మాట్లాడాను. ఇన్ని గంటలకు జేబీఎస్‌లో దిగేసరికి చొక్కా జేబులో ఫోన్ లేదు. ఫోన్ కంపెనీ, మోడల్, రంగు, ఐఎంఈఐ నంబర్లు, అందులోని సిమ్ నంబరు ఇవి. అదే రాత్రి ఇన్ని గంటలకు నా ప్రమేయం లేకుండా నా ఖాతా నుంచి 9,000, 4,500 రూపాయలు యూపీఐ ద్వారా వెళ్లాయి. 1930కి ఇచ్చిన ఫిర్యాదు నంబరు ఇది. నా ఫోన్ దొంగిలించి డబ్బు తీసుకున్నవారి మీద చర్య తీసుకోవాలి."

సిద్దిపేటలో మాట్లాడిన టైము మీ ఫోన్‌లోనే ఉంటుంది కదా, స్క్రీన్‌షాట్ తీసి పంపండి. అక్కడిదాకా ఫోన్ ఆయన దగ్గరే ఉందని చెప్పే మంచి ఆధారం అది. బస్సు టికెట్ పారేయలేదు కదా? దాని వివరాలతో ఆర్టీసీ డిపోలో కూడా ఒక మాట అడగండి. ఫోన్ సీటు కింద జారిపడి ఉంటే కండక్టర్ డిపోలో ఇచ్చే అవకాశం ఉంటుంది. మీ విషయంలో డబ్బు పోయింది కాబట్టి నాకు ఆ ఆశ లేదు, అయినా అడగడంలో నష్టం లేదు. పక్క సీటు మనిషి గురించి చూసింది చూసినట్టు రాయండి. అతనే తీశాడని మాత్రం రాయకండి.

కంప్లైంట్ 2 కాపీలు తీసుకెళ్లండి. రెండోదాని మీద స్టేషన్ సీలు, తేదీ, తీసుకున్నవారి సంతకం వేయించుకోండి. ఎఫ్ఐఆర్ కట్టాక దాని కాపీ ఉచితంగా ఇవ్వాలి, 173(2)లో ఉంది. సీలు వేసిన కాగితం లేకుండా మాత్రం ఇంటికి రాకండి. ఆ కాగితం లేకపోతే రేపు బ్యాంకులో మాట్లాడలేరు, ఫోన్ బ్లాక్ చేయించలేరు, పై ఆఫీసర్ దగ్గరికి వెళ్లలేరు.

కరీంనగర్_బిడ్డ

సార్, బ్యాంకు అన్నా, ఇద్దరికీ దండాలు. 1930కి చేశాం, ఫిర్యాదు నంబర్ వచ్చింది. 4,500 వెళ్లిన ఖాతాలో ఆపగలిగారని మెసేజ్ వచ్చింది. 9,000 సంగతి ఇంకా తెలియదు. సిమ్ బ్లాక్ అయింది. బాపు కాస్త అన్నం తిన్నాడు.

స్టేషన్‌లో ఇవాళ కూర్చోబెట్టి మంచిగానే మాట్లాడారట. కానీ "దొంగిలించారని రాయకండి, ఎక్కడో పడిపోయిందని రాయండి, అప్పుడైతే వెంటనే రసీదు ఇస్తాం, ఫోన్ దొరికితే నేరుగా మీ చేతికే ఇస్తాం, కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు" అన్నారట. తమ్ముడు అలాగే రాసిద్దామంటున్నాడు. ఏం చేయమంటారు? ఫోన్ డబ్బా కూడా దొరకడం లేదు, ఐఎంఈఐ ఎట్లా?

రిటైర్డ్_రైటర్

ఆగమనండి అమ్మా, అలా రాసివ్వొద్దని మీ తమ్ముడికి చెప్పండి.

స్టేషన్‌వాళ్లు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది, అది ముందు చెబుతాను. ఫోన్ పడిపోయిందని ఇస్తే ఎఫ్ఐఆర్ ఉండదు. స్టేషన్‌లో నమోదు చేసి, పోయిన ఫోన్లను బ్లాక్ చేసే సీఈఐఆర్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కించి, దొరికితే పిలిచి ఇచ్చేస్తారు. ఎస్పీ ఆఫీసుల్లో వందల ఫోన్లు పేర్చి జనానికి పంచే ఫొటోలు మీరు పేపర్లో చూసే ఉంటారు, వాటిలో ఎక్కువ అలాంటివే. దొంగతనం కేసు అయితే దొరికిన ఫోన్ కేసు సొత్తు అవుతుంది. కోర్టులో పిటిషన్ వేసి మధ్యంతర కస్టడీకి, అంటే కేసు తేలేదాకా మన దగ్గర ఉంచుకోవడానికి తెచ్చుకోవాలి. దానికి కొన్ని వారాలు పట్టొచ్చు. నిజంగా ఎక్కడో మరిచిపోయిన ఫోన్ అయితే మొదటి పద్ధతే మంచిదని నేనే చెప్పేవాణ్ని.

మీది అలా కాదు. ఫోన్ పోయిన రాత్రే ఖాతాలోంచి డబ్బు పోయింది. పడిపోయిందని మీ నాన్నగారి సంతకంతో ఒక కాగితం, దొంగిలించి డబ్బు తీశారని 1930లో ఇంకో ఫిర్యాదు ఉంటే, ఆ రెండింటికీ పొంతన కుదరదు. బ్యాంకు అడిగే మొదటి ప్రశ్న అదే. రేపు ఎవడైనా దొరికినా, రోడ్డు మీద దొరికింది అంటాడు, మీ కాగితమే వాడికి సాక్ష్యం అవుతుంది. ఫోన్ విలువ, పోయిన డబ్బు కలిపితే మీ నష్టం 5,000 దాటిపోయింది. ఇది కూడా ఎందుకు చెబుతున్నానంటే, కొత్త చట్టంలో 5,000 లోపు దొంగతనాన్ని పోలీసులు నేరుగా కేసు కట్టే నేరాల్లోంచి తీసేశారు. మీకు ఆ అడ్డు లేదు. కాబట్టి దొంగతనం కిందే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 303(2) కిందే కట్టాలి. డబ్బు తీసినదానికి ఐటీ చట్టం సెక్షన్లు ఏవి పెట్టాలో వాళ్లు చూసుకుంటారు.

మర్యాదగా ఇలా చెప్పమనండి: "సార్, డబ్బు కూడా పోయింది, 1930 నంబర్ ఉంది, అందుకే పడిపోయిందని రాయలేం, జరిగింది జరిగినట్టు రాశాం." గొడవ పడక్కర్లేదు. కేసు కట్టాల్సిన నేరం అని సమాచారంలోనే కనబడుతుంటే ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013 నవంబర్‌లో లలితా కుమారి కేసులో చెప్పింది. స్టేషన్‌లో పనిచేసే ప్రతి ఆఫీసరుకీ ఆ పేరు తెలుసు.

అప్పటికీ తీసుకోకపోతే, అదే కంప్లైంట్‌ని స్పీడ్ పోస్టులో ఎస్పీకి, కమిషనరేట్ అయితే డీసీపీకి పంపండి. 173(4)లో దారి అదే. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. మీకు అంతదాకా రాదనుకుంటున్నాను. కూర్చోబెట్టి మాట్లాడారంటే వాళ్లు తీసుకుంటారు.

ఇంకో రెండు మాటలు. మీ నాన్నగారికి 60 దాటాయి. సాక్షిగా వాంగ్మూలం కావాలంటే ఆయన ఉన్న చోటికే వచ్చి తీసుకోవాలి, స్టేషన్‌కి రమ్మని పట్టుబట్టకూడదు, 179వ సెక్షన్ చూడండి. తర్వాత, కేసు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకి పోలీసులే తెలియజేయాలి. ఎఫ్ఐఆర్ తేదీ నుంచి లెక్కపెట్టుకుని, ఏ కబురూ రాకపోతే వెళ్లి అడగండి. మా రోజుల్లో ఈ గడువు చట్టంలో లేదు. జనం నెలల తరబడి వచ్చి బయట బెంచీ మీద కూర్చుని వెళ్లిపోయేవారు, నాకది బాధగా ఉండేది.

ఆగిన 4,500 గురించి. తెలంగాణలో 2024 నుంచి ఇలాంటి ఆగిన డబ్బుని లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు ఇప్పిస్తున్నారు. లోక్ అదాలత్ తేదీ ఎప్పుడని స్టేషన్‌లో గానీ సైబర్ సెల్‌లో గానీ అడిగి పెట్టుకోండి. ఎఫ్ఐఆర్, 1930 నంబర్, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆధార్ ఒకే ఫైలులో పెట్టండి.

సెల్_పాయింట్_బెజవాడ

ఐఎంఈఐ గురించి నేను చెబుతా, మాది మొబైల్ షాపు. డబ్బా లేకపోయినా కొన్న బిల్లు మీద ఉంటుంది. బిల్లు కూడా లేకపోతే కొన్న షాపులో ఫోన్ నంబర్ చెబితే వాళ్ల కంప్యూటర్‌లో దొరకొచ్చు. అదీ కాకపోతే, నాన్నగారి గూగుల్ అకౌంట్‌తో ఇంకో ఫోన్‌లో గూగుల్ ఫైండ్ హబ్ (పాత పేరు ఫైండ్ మై డివైస్) తెరవండి, ఆ ఫోన్ పేరు దగ్గర వివరాల్లో ఐఎంఈఐ చూపిస్తుంది. పాస్‌వర్డ్ గుర్తుంటే అక్కడి నుంచే ఫోన్ లాక్ చేయండి. డేటా చెరిపే ఆప్షన్ మాత్రం ఇప్పుడే నొక్కకండి, ఒకసారి చెరిపితే మళ్లీ మ్యాపులో చూడలేరు.

రెండు సిమ్‌ల ఫోన్‌కి రెండు ఐఎంఈఐలు ఉంటాయి. రెండూ ఇవ్వాలి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఒకటే రాసిస్తారు.

సీఈఐఆర్ దేశమంతా 2023 మే నుంచి నడుస్తోంది. సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. కంప్లైంట్ కాపీ, ఐఎంఈఐ, ఐడీ ప్రూఫ్, ఉంటే బిల్లు ఎక్కించాలి. ఓటీపీ కోసం అదే నంబర్‌తో డూప్లికేట్ సిమ్ ముందు తీసుకోండి. కొత్త సిమ్ పనిచేయడం మొదలయ్యాక కూడా మెసేజ్‌లు రావడానికి 24 గంటల దాకా పడుతుంది, రూల్ అలా ఉంది. ఓటీపీ రాలేదని కంగారుపడకండి. బ్లాక్ అయ్యాక ఏ కంపెనీ సిమ్ వేసినా ఆ ఫోన్ పనిచేయదు, ఎవరైనా సిమ్ వేసి చూస్తే ఆ వివరం పోలీసులకు వెళ్తుంది. చివర్లో వచ్చే రిక్వెస్ట్ ఐడీ భద్రంగా రాసుకోండి.

డూప్లికేట్ సిమ్ వేశాక "మీ ఫోన్ దొరికింది, ఈ లింక్ నొక్కండి" అని మెసేజ్ వస్తే నొక్కొద్దు. ఫోన్ లాక్ తీయించుకోవడానికి దొంగలే పంపుతుంటారు. పోలీసులైతే ఫోన్ చేసి స్టేషన్‌కి రమ్మంటారు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు కూడా ఒకటి గుర్తుపెట్టుకోండి. ఫోన్‌లో *#06# కొడితే ఐఎంఈఐ కనబడుతుంది. మెసేజ్‌లో కేవైఎం అని ఇంగ్లీషులో రాసి, ఖాళీ వదిలి ఆ నంబర్ వేసి 14422కి పంపితే అది బ్లాక్ అయిన ఫోనో కాదో తెలుస్తుంది. చౌకగా వస్తోందని దొంగ ఫోన్ కొంటే చివరికి పోలీసులు వచ్చేది మీ దగ్గరికే.

పల్నాడు_శ్రీను

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మాది నరసరావుపేట వైపు. ఆంధ్రాలో కూడా ఇదే పద్ధతా? స్టేషన్‌లో పని కాకపోతే మాకు ఎస్పీ ఆఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారు, అక్కడికి వెళ్లొచ్చా? ఇంకోటి, వచ్చే నెల ఇల్లు తాళం వేసి కాశీ వెళ్తున్నాం, ఇంటి మీద నిఘాకి పోలీసులను అడగొచ్చా?

రిటైర్డ్_రైటర్

తమ్ముడూ, పైన చెప్పిన చట్టం దేశమంతా ఒకటే, సీఈఐఆర్, 1930 కూడా అంతే. ఎమర్జెన్సీకి 112. సోమవారం అర్జీల కార్యక్రమానికి తప్పకుండా వెళ్లండి, కానీ స్టేషన్‌లో సీలు వేసిన కాపీ చేతిలో పెట్టుకుని వెళ్లండి. అది ఉంటే అర్జీ చూసే ఆఫీసరు అక్కడికక్కడే స్టేషన్‌ని అడగగలరు.

తాళం వేసిన ఇళ్లకు మీ ఆంధ్రా పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ ఉంది. యాప్‌లో వివరాలిచ్చి, ఊరెళ్లేముందు చెబితే ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా పెడతారు, ఉచితం. మీ స్టేషన్ పరిధిలో ఇప్పుడు ఇస్తున్నారో లేదో బయల్దేరే వారం ముందే అడగండి, పండగ రోజుల్లో కెమెరాలు సరిపోవు.

కరీంనగర్_బిడ్డ

సార్, ఎఫ్ఐఆర్ అయింది. తమ్ముడు మీరు చెప్పినట్టే చెప్పాడు, వాళ్లు మారు మాట్లాడకుండా రాసుకున్నారట. కాపీ ఇచ్చారు. ఐఎంఈఐలు కొన్న షాపులో దొరికాయి. ఫోన్ నిజంగా దొరికితే ఆ కోర్టు పని ఎట్లా ఉంటుందో కూడా చెప్పండి, బాపు ఇప్పటినుంచే భయపడుతున్నాడు.

రిటైర్డ్_రైటర్

చాలా సంతోషం అమ్మా. భయపడాల్సింది ఏమీ లేదని ఆయనకు చెప్పండి. ఫోన్ దొరికితే స్టేషన్ నుంచి కబురు వస్తుంది. వాళ్లు దాన్ని కోర్టుకి రిపోర్ట్ చేస్తారు. మీ నాన్నగారి పేరుతో ఆ కోర్టులో సొత్తు అప్పగించమని ఒక చిన్న పిటిషన్ వేయాలి. ఎఫ్ఐఆర్ కాపీ, కొన్న బిల్లు, ఆధార్ జత చేయాలి. బిల్లు మీ దగ్గర లేకపోతే, ఆ షాపులో డూప్లికేట్ బిల్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. కోర్టు అడిగినప్పుడు తెచ్చి చూపిస్తానని బాండ్ రాయించుకుని ఫోన్ ఇస్తారు. కేసు అయ్యేదాకా అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. లాయరు ఫీజు భారం అనిపిస్తే, కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, అక్కడ అడగండి.

ఫోన్ చేతికొచ్చాక సీఈఐఆర్‌లో అదే రిక్వెస్ట్ ఐడీతో అన్‌బ్లాక్ పెట్టండి. అది చేయకపోతే సిమ్ వేసినా నెట్‌వర్క్ రాదు. అన్‌బ్లాక్ అయ్యాక ఫోన్‌ని పూర్తిగా రీసెట్ చేయించి, కొత్త పిన్ పెట్టించి, ఆ తర్వాతే బ్యాంకు యాప్‌లు వేయండి.